ఒక్క స్టేషన్ నుంచి దేశం నిండా: నెక్స్‌స్టార్ ఎదుగుదలపై కేస్ స్టడీ

టీవీ స్టేషన్ల కొనుగోలు ఫైలు ఏది చేతికొచ్చినా నేను ముందుగా రేటింగుల జోలికి వెళ్లను. ఆ స్టేషన్‌కు కేబుల్ ఆపరేటర్లతో ఉన్న ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తాయి, ఒక్కో చందాదారు మీద నెలకు ఎంత వస్తోంది, ఈ రెండే చూస్తాను. మీడియా వాల్యుయేషన్, అంటే మీడియా కంపెనీలకు విలువ కట్టే పనిలో ఉన్న చాలామందికి ఈ అలవాటు నేర్పిన కంపెనీ నెక్స్‌స్టార్. 1996లో పెన్సిల్వేనియా రాష్ట్రం స్క్రాంటన్‌లో ఒకే స్టేషన్‌తో మొదలై, 2019 నాటికి అమెరికాలోనే అతి పెద్ద లోకల్ టీవీ గ్రూపుగా నిలిచింది. దాని ప్రోగ్రాములు గొప్పవని ఎవరూ అనలేదు, కంపెనీ కూడా అలా చెప్పుకోలేదు. ఆ ఎదుగుదల రహస్యం కేబుల్ ఒప్పందాల్లోని ఒక క్లాజులో ఉంది. ఆ క్లాజుకు బలం ఎక్కడి నుంచి వస్తుందో చాలామంది లెక్కగట్టరు. ఈ కేసు రాయడానికి కారణం అదే.

వ్యాపారం ఎలా నడుస్తుంది

అమెరికాలో టీవీ స్టేషన్ అంటే ఒక ఊరికి, దాని చుట్టుపక్కల జిల్లాలకు పరిమితమైన వ్యాపారం. టీవీ రేటింగులు లెక్కించే నీల్సన్ సంస్థ దేశాన్ని 210 మార్కెట్లుగా విడగొట్టింది. ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ, ఫాక్స్ నెట్‌వర్కులకు పెద్ద నగరాల్లో సొంత స్టేషన్లుంటాయి. మిగతా చోట్ల వేరే యజమానుల స్టేషన్లు ఆ నెట్‌వర్క్ ప్రోగ్రాములు వేసుకుంటూ, మధ్యలో తమ ఊరి వార్తలు, తమ ఊరి యాడ్స్ నడుపుతాయి. లైసెన్సు ఇచ్చేది ఎఫ్‌సీసీ, అంటే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్.

ఒకప్పుడు ఆదాయమంతా యాడ్స్ మీదే. సరిసంఖ్య సంవత్సరాల్లో ఎన్నికలు వస్తాయి కాబట్టి డబ్బు కురుస్తుంది, బేసి సంవత్సరాల్లో తగ్గిపోతుంది. అందుకే ఈ రంగంలో ఎవరూ ఒక్క ఏడాది లాభం చూసి ధర కట్టరు, రెండేళ్ల సగటు తీస్తారు.

1992 కేబుల్ చట్టం ఇందులో కొత్త తలుపు తెరిచింది. మూడేళ్లకోసారి ప్రతి స్టేషన్ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి: నా చానల్‌ను ఉచితంగా, తప్పనిసరిగా చూపించండి అనడం, లేదా నా అనుమతి లేకుండా చూపించకూడదు, బేరానికి రండి అనడం. రెండో దారిలో వచ్చే డబ్బునే రీట్రాన్స్‌మిషన్ ఫీజు అంటారు. 1990లలో పెద్ద కేబుల్ కంపెనీలు నగదు ఇవ్వం అని భీష్మించుకు కూర్చున్నాయి. పెద్ద మీడియా సంస్థలు నగదుకు బదులు తమ కొత్త కేబుల్ చానళ్లకు చోటు సంపాదించుకున్నాయి. ఫాక్స్ వాళ్ల ఎఫ్ఎక్స్ అలా వచ్చిందే. చిన్న ఊళ్ల స్టేషన్ యజమానికి అలా పెట్టుకోవడానికి ఇంకో చానల్ లేదు. చట్టం హక్కు ఇచ్చినా చేతికి పైసా రాలేదు.

స్క్రాంటన్‌లో మొదటి నమూనా

నెక్స్‌స్టార్ వ్యవస్థాపకుడు పెరీ సూక్ యాడ్ సేల్స్ నుంచి వచ్చిన మనిషి. పెట్టుబడి ఏబ్రీ పార్ట్‌నర్స్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థది. కొన్న మొదటి స్టేషన్ డబ్ల్యువైఓయూ, సీబీఎస్ అఫిలియేట్, అంటే సీబీఎస్ ప్రోగ్రాములు వేసే స్టేషన్. రెండేళ్లు తిరిగేసరికి అదే మార్కెట్లో ఎన్‌బీసీ స్టేషన్ డబ్ల్యుబీఆర్ఈ కూడా అమ్మకానికి దొరికింది. అప్పటి నిబంధన ప్రకారం ఒకే మార్కెట్లో ఒకరికి రెండు స్టేషన్లు ఉండకూడదు. కాబట్టి డబ్ల్యువైఓయూ లైసెన్సును వేరే చిన్న కంపెనీకి మార్చి, దాన్ని నడిపే పనులన్నీ నెక్స్‌స్టార్ ఒప్పందం మీద తీసుకుంది. ఆ కంపెనీ తర్వాత మిషన్ బ్రాడ్‌కాస్టింగ్‌లో కలిసింది. మిషన్ అప్పులకు నెక్స్‌స్టార్ హామీ ఉంటుంది. వాళ్ల స్టేషన్లు కొనుక్కునే ఆప్షన్ కూడా నెక్స్‌స్టార్ దగ్గరే ఉంటుంది. లెక్కల పుస్తకాల్లో రెండిటినీ కలిపే చూపిస్తారు.

ఆ రోజుల్లోని చిన్న మార్కెట్ల లెక్క చూస్తే ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. రెండు భవనాలు, రెండు సేల్స్ టీములు, రెండు ఇంజినీరింగ్ విభాగాలు ఒకటైతే ఖర్చు బాగా పడిపోతుంది. 1999లో ఎఫ్‌సీసీ రెండు స్టేషన్ల యాజమాన్యాన్ని కొన్ని షరతులతో అనుమతించింది. అయితే అవి కలిశాక కూడా ఆ మార్కెట్లో ఎనిమిది స్వతంత్ర యాజమాన్యాలు మిగలాలి, ఆ రెండిటిలో కనీసం ఒకటి రేటింగుల్లో మొదటి నాలుగు స్థానాల బయటిదై ఉండాలి. చిన్న ఊళ్లలో అన్ని స్టేషన్లే ఉండవు. కాబట్టి పెద్ద నగరాలకు దొరికిన సౌకర్యం చిన్న ఊళ్లకు దొరకలేదు, నెక్స్‌స్టార్ స్క్రాంటన్ నమూనానే ఊరూరా తిప్పింది.

దీనికి ఇంకో ముఖం ఉంది. 2009 ఏప్రిల్‌లో డబ్ల్యువైఓయూ సొంత వార్తలు ఆపేసింది. ఆ తర్వాత ఆ చానల్లో వచ్చిన వార్తలు డబ్ల్యుబీఆర్ఈ న్యూస్‌రూమ్ తయారు చేసినవే. ఆ ఏడాది యాడ్ మార్కెట్ కుప్పకూలింది, కోత తప్పదన్న మాట నిజమే. కానీ రెండు న్యూస్‌రూములు పోటీ పడి స్కూల్ బోర్డు మీటింగుకు, కౌంటీ కోర్టుకు రిపోర్టర్లను పంపే ఊళ్లో ఒక్కటే మిగలడం చిన్న నష్టం కాదు. వ్యాపారం దృష్టితో చూసినా అది నష్టమే, దాని సంగతి చివర్లో చెప్తాను.

2005: స్క్రీన్లు ఖాళీ అయిన ఏడాది

2005 జనవరిలో నెక్స్‌స్టార్ రెండు కేబుల్ కంపెనీల నుంచి తన స్టేషన్లను వెనక్కి తీసుకుంది. ఒకటి కాక్స్, ఇంకొకటి కేబుల్ వన్. టెక్సాస్‌లోని అబిలీన్, మిస్సోరీలోని జాప్లిన్ లాంటి ఊళ్లలో కేబుల్ ఉన్న ఇళ్లకు నెట్‌వర్క్ ప్రోగ్రాములు ఆగిపోయాయి. అడిగింది నెలకు ఒక్కో చందాదారు మీద దాదాపు 30 సెంట్లు, అంటే రోజుకో సెంటు. గొడవ నెలల తరబడి సాగింది. కేబుల్ కంపెనీలు తమ కస్టమర్లకు యాంటెనాలు పంచాయి. చూసేవాళ్లు తగ్గి నెక్స్‌స్టార్ యాడ్ ఆదాయానికి దెబ్బ తగిలింది. అప్పుల భారం ఉన్న కంపెనీ అది, 2003 నవంబరులో పబ్లిక్ ఇష్యూకు వచ్చి ఏడాది దాటిందంతే. ఇన్వెస్టర్లకు ఎంత టెన్షన్ పుట్టి ఉంటుందో ఊహించవచ్చు. అయినా ఆ ఏడాది ముగిసేలోపు ఒప్పందాలు కుదిరాయి.

ఈ మొత్తం కథలో నాకు అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే. నెట్‌వర్క్ యజమానులు, పెద్ద గ్రూపులు చేయడానికి జంకిన పనిని చిన్న మార్కెట్ల కంపెనీ చేసి చూపించింది. ఆ తర్వాత ప్రతి స్టేషన్ గ్రూపూ నగదు అడగడం మొదలుపెట్టింది. ఆదాయంలో ఎన్నికలతో సంబంధం లేని, ప్రతి నెలా ఠంచనుగా వచ్చే భాగం ఒకటి పుట్టింది. అలాంటి ఆదాయం చూపిస్తే బ్యాంకులు అప్పులిస్తాయి, అప్పుంటే కొనుగోళ్లు జరుగుతాయి.

2023లో నెక్స్‌స్టార్ మొత్తం ఆదాయం 493 కోట్ల డాలర్లు. అందులో 272 కోట్లు డిస్ట్రిబ్యూషన్ నుంచి, ప్రధానంగా ఈ ఫీజుల నుంచి వచ్చినవి. యాడ్స్ రెండో స్థానానికి దిగాయి.

ఆ క్లాజు

ఇప్పుడు అసలు విషయం. పెద్ద గ్రూపులు కేబుల్ కంపెనీలతో రాసుకునే ఒప్పందాల్లో తరచూ ఒక నియమం ఉంటుంది: ఈ గ్రూపు రేపు కొత్తగా ఏ స్టేషన్ కొన్నా, కొన్న రోజు నుంచి దానికి కూడా ఈ గ్రూపు రేటే వర్తిస్తుంది. పాత యజమాని ఎంత తక్కువకు ఒప్పుకున్నా ఆ ఒప్పందం పక్కకు పోతుంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక మార్కెట్లో కేబుల్, శాటిలైట్ కనెక్షన్లున్న ఇళ్లు 2 లక్షలు. పాత యజమానికి నెలకు ఇంటికి ఒక డాలరు, కొనే గ్రూపు రేటు రెండు డాలర్లు. సంతకం పూర్తయిన మర్నాడే ఏడాదికి 24 లక్షల డాలర్ల అదనపు ఆదాయం. నెట్‌వర్క్ వాటాగా సగం పోయిందనుకున్నా 12 లక్షలు మిగులుతాయి. దీనికి దాదాపు ఖర్చు లేదు. ఏడాది లాభానికి ఏడు రెట్ల లెక్కన విలువ కడితే 84 లక్షల డాలర్లు. పాత యజమాని చేతిలో ఆ స్టేషన్‌కు ఈ విలువ లేదు, కొనేవాడి చేతిలో పడగానే వచ్చింది. అమ్మేవాడికి తన లెక్కలో గొప్ప ధర దొరుకుతుంది, కొన్నవాడికి తన లెక్కలో అది చవకగా కనిపిస్తుంది. 2012 తర్వాత అమెరికాలో చిన్న గ్రూపులు ఒకదాని వెనుక ఒకటి ఎందుకు అమ్ముడుపోయాయో ఈ ఒక్క లెక్క చెప్తుంది. కేబుల్ కంపెనీలు దీని మీద ఎఫ్‌సీసీకి ఫిర్యాదులు చేస్తూనే ఉన్నాయి, వాళ్ల కోపంలో న్యాయం లేదనలేను. ఆ పెంపు చివరికి చేరేది ఇంటి బిల్లులోకే.

నెట్‌వర్క్ వాటా అన్నాను కదా, అది పెద్ద గొడవే. పాతకాలంలో నెట్‌వర్కులే స్టేషన్లకు ఎదురు డబ్బిచ్చేవి. స్టేషన్లకు కేబుల్ ఫీజు రావడం చూశాక అందులో తమ భాగం అడిగాయి. ఫాక్స్ అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది. 2011లో ఇండియానాలోని ఎవాన్స్‌విల్, ఫోర్ట్ వేన్ నగరాల్లో నెక్స్‌స్టార్ స్టేషన్లు ఫాక్స్ అనుబంధాన్నే కోల్పోయాయి. ఒక స్టేషన్‌కు అమెరికన్ ఫుట్‌బాల్, ప్రైమ్ టైమ్ ఒక్కసారిగా పోతే ఏం మిగులుతుందో ఆ రెండు ఊళ్లలో కనబడింది.

అమ్మకానికి పెట్టి, కొనడం మొదలుపెట్టి

2008 మాంద్యంలో నెక్స్‌స్టార్ షేరు ఒక డాలరు కన్నా కిందికి పడిపోయింది. 2011లో కంపెనీ తనను తానే అమ్ముకునే అవకాశాలు చూస్తున్నట్టు ప్రకటించింది. తగిన బేరం కుదరలేదు. 2012లో ఆ ప్రక్రియ ఆపేసి, అదే ఏడాది న్యూపోర్ట్ టెలివిజన్ నుంచి, మిషన్‌తో కలిసి, 12 స్టేషన్లు 28.55 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు చెప్పింది. సాల్ట్ లేక్ సిటీ లాంటి పెద్ద మార్కెట్ అందులో ఉంది. ఆ మరుసటి రెండేళ్లు చిన్నాచితకా కొనుగోళ్లు వరసగా జరిగాయి.

2015 సెప్టెంబరులో మీడియా జనరల్ అనే పాత కంపెనీ, మెరిడిత్ అనే మరో మీడియా కంపెనీని కొంటానని ప్రకటించింది. ఆ నెలాఖరుకే నెక్స్‌స్టార్ పిలవని పేరంటంగా మీడియా జనరల్‌నే కొంటానని ముందుకొచ్చింది. ఆదాయంలో మీడియా జనరల్ నెక్స్‌స్టార్ కన్నా పెద్దది. 2016 జనవరిలో ఒప్పందం కుదిరింది, అప్పులతో కలిపి 460 కోట్ల డాలర్లు. మెరిడిత్‌కు 6 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించారు.

ఈ డీల్‌లో నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. అప్పుడు ఎఫ్‌సీసీ స్పెక్ట్రమ్ వేలం జరగబోతోంది, స్టేషన్లు తమ తరంగాలు అప్పగించి డబ్బు తీసుకోవచ్చు. మీడియా జనరల్ స్టేషన్లకు ఆ వేలంలో ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు. దాని మీద తగువు పడుతూ కూర్చుంటే డీల్ చెడిపోయేది. వేలంలో వచ్చే సొమ్ములో ఎక్కువ భాగం పాత వాటాదారులకే వెళ్లేలా వాళ్లకు విడిగా ఒక హక్కు పత్రం ఇచ్చారు. ధర మీద మాట కలవని అంశాన్ని ధరలోంచే బయటికి తీసేశారు. 2017 జనవరి 17న కొనుగోలు పూర్తయింది.

ట్రిబ్యూన్: ఒకే ఆస్తి, ఇద్దరు కొనుగోలుదారులు

ట్రిబ్యూన్ మీడియాకు 42 స్టేషన్లు. న్యూయార్క్‌లో డబ్ల్యుపీఐఎక్స్, లాస్ ఏంజెలెస్‌లో కేటీఎల్ఏ, షికాగోలో డబ్ల్యుజీఎన్ వాటిలో ఉన్నాయి. పైగా ఫుడ్ నెట్‌వర్క్‌లో 31 శాతం వాటా. 2017 మేలో సింక్లెయిర్ అనే మరో టీవీ గ్రూపు 390 కోట్ల డాలర్లకు కొంటానని ఒప్పందం చేసుకుంది. రాజకీయ వాతావరణం తమకు అనుకూలంగా ఉందన్న ధీమాతో, అమ్మాల్సిన స్టేషన్ల విషయంలో చివరిదాకా గీచి గీచి బేరమాడింది. షికాగో స్టేషన్‌ను తమ చైర్మన్‌కు వ్యాపార సంబంధాలున్న ఒక కార్ల డీలర్‌కు 6 కోట్ల డాలర్లకు అమ్మి, నడిపే పని తమ దగ్గరే పెట్టుకుంటామంది. తిరిగి కొనే ఆప్షన్ కూడా తమదే. 2018 జులైలో ఎఫ్‌సీసీ కమిషనర్లు నలుగురూ ఏకగ్రీవంగా ఆ డీల్‌ను విచారణకు పంపారు. విచారణకు పంపడం అంటే ఈ రంగంలో డీల్ చచ్చిపోయినట్టే. ఆగస్టులో ట్రిబ్యూన్ ఒప్పందం రద్దు చేసుకుని దావా వేసింది. తర్వాత సింక్లెయిర్ ఎఫ్‌సీసీకి 4.8 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

2018 డిసెంబరు 3న నెక్స్‌స్టార్ రంగంలోకి దిగింది. ధర 410 కోట్లు, అప్పులతో 640 కోట్ల డాలర్లు. దాని తీరు వేరు. ఏమేం అమ్మాలో మొదటే ఒప్పుకుని, 2019 మార్చికల్లా కొనేవాళ్లను చూపించింది: టెగ్నా అనే టీవీ గ్రూపుకు 11 స్టేషన్లు 74 కోట్లకు, స్క్రిప్స్ అనే ఇంకో గ్రూపుకు 8 స్టేషన్లు 58 కోట్లకు. ఆ 132 కోట్లతో అప్పు భారం తగ్గింది. సెప్టెంబరు 19న డీల్ ముగిసింది, పది నెలలు కూడా పట్టలేదు. స్టేషన్లు అమ్మడం ఓటమిలా అనిపిస్తుంది గానీ, డీల్ ఆలస్యమైన ప్రతి నెలా వడ్డీ నడుస్తుంది, ఉద్యోగులు వెళ్లిపోతారు, కేబుల్ ఒప్పందాల గడువు దగ్గరపడుతుంది. ఇలాంటి పనిలో ఉన్న ప్రతివాళ్లూ ఈ రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి చదవాలి.

ఒక్క చోట మాత్రం నెక్స్‌స్టార్ కూడా ఆ గీత మీదే నడిచింది. డబ్ల్యుపీఐఎక్స్‌ను స్క్రిప్స్‌కు అమ్ముతూ తిరిగి కొనే ఆప్షన్ పెట్టుకుంది. ఆ ఆప్షన్‌ను మిషన్‌కు బదిలీ చేయగా, 2020 డిసెంబరులో మిషన్ ఆ స్టేషన్ కొంది. అసలు అదుపు నెక్స్‌స్టార్ చేతిలోనే ఉందని 2024 మార్చిలో ఎఫ్‌సీసీ తేల్చి, దాదాపు 12 లక్షల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. మొత్తం చిన్నదే. కానీ స్క్రాంటన్ లాంటి ఊళ్లో ఖర్చు భరించలేక పుట్టిన ఏర్పాటును దేశంలోకెల్లా పెద్ద మార్కెట్‌కు తెస్తే అదే సమర్థన చెల్లదు.

39 శాతం గోడ

2004లో అమెరికా కాంగ్రెస్ ఒక హద్దు పెట్టింది: ఒక గ్రూపు స్టేషన్లు దేశంలోని 39 శాతం ఇళ్లకు మించి చేరకూడదు. ట్రిబ్యూన్ తర్వాత నెక్స్‌స్టార్ చేరువ నిజానికి 60 శాతం దాటింది. అయినా చట్టం లెక్కలో 39 లోపలే. కారణం యూహెచ్ఎఫ్ రాయితీ. యూహెచ్ఎఫ్ అంటే టీవీ ప్రసారాలకు వాడే తరంగాల్లో ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న భాగం. అనలాగ్ కాలంలో యూహెచ్ఎఫ్ సిగ్నల్ బలహీనం కాబట్టి ఆ స్టేషన్లు చేరే ఇళ్లలో సగమే లెక్కించాలని 1985లో పెట్టిన నియమం అది. 2009 జూన్‌లో పూర్తి శక్తి స్టేషన్లన్నీ డిజిటల్ అయ్యాక ఆ బలహీనత పోయింది. 2016లో ఎఫ్‌సీసీ రాయితీ తీసేసింది, 2017 ఏప్రిల్‌లో కొత్త నాయకత్వం తిరిగి తెచ్చింది. కారణం పోయిన నియమం మీద ఇంత పెద్ద కంపెనీ నిలబడి ఉండడం ఏ వాల్యుయేషన్‌లోనైనా రిస్కుగానే రాయాలి.

స్టేషన్లు కొనడానికి చోటు లేక నెక్స్‌స్టార్ వేరే వైపు చూసింది. 2021లో పాత డబ్ల్యుజీఎన్ అమెరికా కేబుల్ చానల్ న్యూస్‌నేషన్ అనే వార్తా చానల్‌గా మారింది, 2022లో సీడబ్ల్యూ నెట్‌వర్క్‌లో 75 శాతం వాటా చేతికొచ్చింది. వీటి గురించి ఇక్కడ ఎక్కువ రాయను, కంపెనీని మోస్తున్నది ఇంకా ఊళ్ల స్టేషన్లే.

2025 ఆగస్టులో టెగ్నాను 620 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించింది. రెండూ కలిస్తే 265 స్టేషన్లు, 210 మార్కెట్లలో 132. టెగ్నా ఉన్న 51 మార్కెట్లలో 35 చోట్ల నెక్స్‌స్టార్ అప్పటికే ఉంది. ఏడాదికి 30 కోట్ల డాలర్ల ప్రయోజనం వస్తుందని కంపెనీ చెప్పింది.

ఆ 30 కోట్లను నేను రెండు ముక్కలుగా విడదీసి చూస్తాను: ఎంత రేటు తేడా, ఎంత ఖర్చు కోత. రేటు తేడా మొదటి ఏడాదే వస్తుంది, కానీ కేబుల్ చందాదారులు ఏటా తగ్గుతున్నారు, కాబట్టి అది కరిగిపోయే ఆదాయం. ఖర్చు కోత కాగితం మీద శాశ్వతంగా కనిపిస్తుంది. నాకు అసలు పేచీ అక్కడే. 2023 జులై నుంచి సెప్టెంబరు దాకా నెక్స్‌స్టార్ స్టేషన్లు డైరెక్‌టీవీ అనే శాటిలైట్ టీవీ కంపెనీలో ఆగిపోయాయి. అలాంటప్పుడు బేరంలో బలం ఎవరిదన్నది ఒక్క విషయం తేలుస్తుంది: ఆ చానల్ లేకపోతే చందాదారు కనెక్షన్ తీసేస్తాడా, లేదా? ఫుట్‌బాల్ నెట్‌వర్క్ సొత్తు, నెట్‌వర్క్ దాన్ని నేరుగా ఫోన్లోనే చూపించగలదు. స్టేషన్ సొంతంగా ఇవ్వగలిగింది ఊరి వార్తలు, తుఫాను హెచ్చరికలు, స్థానిక ఎన్నికలు. 2020లో నెక్స్‌స్టార్‌కు రాజకీయ యాడ్స్ మీద 50 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ యాడ్స్ పెట్టేవాళ్లకు కూడా ముందుగా కావాల్సింది వార్తల సమయమే.

టెగ్నా డీల్ ప్రకటించేనాటికి డెన్వర్‌లో నెక్స్‌స్టార్‌కు కేడీవీఆర్, టెగ్నాకు కేయూఎస్ఏ ఉండేవి, రెండిటికీ చెరో న్యూస్‌రూమ్. ఆ రెండింటినీ కలిపితే మిగిలే జీతాలను మోడల్లో లాభంగా రాసుకోవడం చాలా తేలిక. డెన్వర్ ఫైలు నా చేతిలో ఉంటే కనీసం మూడేళ్లు, అంటే ఒక కేబుల్ ఒప్పందం చుట్టు పూర్తయ్యేదాకా, రెండు న్యూస్‌రూములనూ అలాగే ఉంచి లెక్క వేస్తాను. టవరు, సర్వర్లు, యాడ్స్ ఎప్పుడు వేయాలో చూసే ట్రాఫిక్ విభాగం, అకౌంట్స్ కలపవచ్చు. రిపోర్టర్ల సంఖ్యను మాత్రం పొదుపు పట్టీలో చేర్చను. వాళ్లను తగ్గించి చూపిస్తే, అదే మోడల్లో నాలుగో ఏడాది నుంచి చందాదారు రేటును కూడా తగ్గించి చూపించాల్సి వస్తుంది.